రువాండాకు వెళ్ళనందుకు తిట్టాం, లిబియాకు వెళ్ళినందుకు తిట్టాం. మరి ఎప్పుడు వెళ్ళాలి?

రాత్రిబడి (శనివారం, రాత్రి 9:40)

సూడాన్ వార్తలు చూసినప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఎల్ ఫాషర్ నగరాన్ని ఏడాదిన్నర పాటు దిగ్బంధించి, 2025 అక్టోబరులో ఆర్‌ఎస్‌ఎఫ్ (అక్కడి సైన్యంతో పోరాడుతున్న పారామిలిటరీ) బలగాలు లోపలికి చొరబడ్డాయి. తర్వాత ఏం చేశారో చేసినవాళ్ళే ఫోన్లలో తీసి బయటపెట్టారు. నేల మీద ఎర్రటి మరకలు ఉపగ్రహ చిత్రాల్లో కూడా కనబడ్డాయి. ఆకాశం నుంచి కనబడే హత్యలన్నమాట. అయినా ఎవరూ కదల్లేదు.

1994లో రువాండాలో వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపారు. అప్పటికే అక్కడ ఐరాస దళం ఉంది, దాదాపు 2,500 మంది. ఊచకోత మొదలైన రెండు వారాలకు, ఏప్రిల్ 21న, భద్రతా మండలి కూర్చుని ఆ దళాన్ని పెంచడం మాట అటుంచి, 270కి కుదించింది. దానికి ఇప్పటికీ తిడుతున్నాం. 2011లో లిబియాలో గడాఫీ సేనలు తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న బెంఘాజీ నగరం మీదికి పోతుంటే మాత్రం పాశ్చాత్య దేశాలు రోజుల్లో కదిలాయి. ఆ తర్వాత లిబియా రెండు ముక్కలైంది. దానికీ తిడుతున్నాం.

వెళ్ళినా తప్పే, వెళ్ళకపోయినా తప్పే అనడం మనకు తేలిక. నిర్ణయం తీసుకునే కుర్చీలో మీరే ఉంటే ఏం చూసి తేలుస్తారు? పార్టీల గొడవ వద్దు, దయచేసి.

అడ్డప్రశ్న (రాత్రి 9:58)

ఇందులో తేల్చడానికేముంది? వెళ్ళకూడదు. ఇంకొకడి దేశంలోకి తుపాకీ పట్టుకుని వెళ్ళినవాడు ఎవడైనా సరే, తన పని మీదే వెళ్తాడు. 2003లో ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని అమెరికా వాళ్ళు అన్నారు. దేశమంతా వెతికినా దొరకలేదు. అప్పుడు మాట మార్చి, నియంత నుంచి ప్రజలకు విముక్తి కల్పించామన్నారు. కారణం ముందు పుట్టి యుద్ధం తర్వాత రావాలి కదా. ఇక్కడ యుద్ధం ముందు, కారణం తర్వాత.

వకీలు_2 (రాత్రి 10:21)

చట్టం ఏమంటుందో చెప్పి పక్కకు తప్పుకుంటాను. ఐరాస చార్టర్ రెండో అధికరణంలోని నాలుగో క్లాజు ప్రకారం ఇంకో దేశం మీద బలప్రయోగం నిషిద్ధం. మినహాయింపులు రెండే. ఆత్మరక్షణ (51వ అధికరణం), లేదా ఏడో అధ్యాయం కింద భద్రతా మండలి అనుమతి. పక్క దేశంలో జనాన్ని చంపుతున్నారు కాబట్టి వెళ్ళాను అనేది ఈ రెండింట్లోనూ ఇమడదు.

1999లో యుగోస్లావియాలోని కొసావో ప్రాంతం కోసం నాటో 78 రోజులు బాంబులు వేసింది. మండలి అనుమతి లేదు, అడిగితే రష్యా వీటో ఖాయమని అడగనే లేదు. తర్వాత ఒక స్వతంత్ర అంతర్జాతీయ కమిషన్ విచారించి, అది చట్టవిరుద్ధమే కానీ సమర్థనీయమే అని తేల్చింది. కోర్టులో ఏ జడ్జీ ఇలాంటి తీర్పు ఇవ్వడు, కానీ పాపం వాళ్ళకు ఇంకో దారి కనబడలేదు.

ఆ ఇరకాటం నుంచి బయటపడటానికే 2005లో ఐరాస శిఖరాగ్ర సదస్సులో 'రక్షించే బాధ్యత' అనే సూత్రాన్ని అన్ని దేశాలూ ఒప్పుకున్నాయి. ప్రభుత్వం తన జనాన్ని మారణహోమం నుంచి కాపాడలేకపోతే, లేదా తనే చంపుతుంటే, ప్రపంచం కలగజేసుకోవచ్చు. అయితే మళ్ళీ భద్రతా మండలి ద్వారానే. తాళం మార్చారు గానీ తాళంచెవులు పాత చేతుల్లోనే ఉన్నాయి.

లెక్కలమాస్టారు (రాత్రి 10:47)

అడ్డప్రశ్న గారూ, ఉద్దేశం స్వచ్ఛంగా ఉంటేనే వెళ్ళాలంటే ఏ సైన్యమూ గడప దాటదు. నేను ఫలితం చూస్తాను. గత యాభై అరవై ఏళ్ళలో మారణకాండను నిజంగా ఆపిన జోక్యాలు ఏవి? నాకు వెంటనే గుర్తొచ్చేవి మూడు. 1971లో తూర్పు పాకిస్తాన్‌లోకి భారత్. 1979లో ఉగాండా నియంత ఇదీ అమీన్ మీదికి టాంజానియా. 1978 చివర్లో కంబోడియాలోకి వియత్నాం. మూడూ పక్క దేశాలే. ముగ్గురికీ సొంత లెక్కలున్నాయి. భారత్ నెత్తిన కోటిమంది శరణార్థులు, టాంజానియా భూమిలోకి అమీనే ముందు చొరబడ్డాడు, కంబోడియాను ఏలుతున్న ఖ్మేర్ రూజ్ వియత్నాం సరిహద్దు గ్రామాల మీద పడి చంపుతోంది.

ముగ్గురికీ ప్రపంచం నుంచి అక్షింతలే. 1971 డిసెంబరు 7న ఐరాస సర్వసభ్య సభలో కాల్పులు ఆపి సేనలు వెనక్కి పోవాలన్న తీర్మానానికి అనుకూలంగా 104 ఓట్లు, వ్యతిరేకంగా 11. ఢాకాలో జనాన్ని కాల్చినప్పుడు లేవని చేతులు అప్పుడు లేచాయి. కంబోడియా కథ ఇంకా విచిత్రం. పదిహేను లక్షలకు పైగా జనం చావుకు కారణమైన ఖ్మేర్ రూజ్‌ను తరిమేశాక కూడా, ఐరాసలో ఆ దేశపు సీటు ఏళ్ళ తరబడి వాళ్ళ వైపే ఉండిపోయింది.

అడ్డప్రశ్న (రాత్రి 11:05)

మాస్టారూ, ఆ మూడిట్లో ఒకరు మూడు నెలల్లో ఇంటికొచ్చారు, ఒకరు పదేళ్ళు తిష్ట వేశారు. ఆ తేడా లెక్కలో రాదా? ఢాకాలో లొంగుబాటు 1971 డిసెంబరు 16న, భారత సేనలు వెనక్కి వచ్చేసింది 1972 మార్చికల్లా. వియత్నాం సైన్యం కంబోడియా వదిలింది 1989లో.

1971 చెప్పేవాళ్ళు 1987 ఎందుకు చెప్పరో కూడా నాకు అర్థం కాదు.

గంటస్తంభం (రాత్రి 11:09)

ఏసీ గదుల్లో కూర్చుని యుద్ధాల గురించి మాట్లాడే మేధావులకు దండం. ఒక్కడన్నా తుపాకీ పట్టాడా?

నీలిటోపీ (రాత్రి 11:31)

పట్టాను. ఉత్తర కివూ, కాంగో. ఐరాస దళంలో. రేపు తీరిగ్గా రాస్తాను, డ్యూటీకి టైమైంది.

పెన్సిల్ (ఆదివారం, ఉదయం 7:15)

1987 సంగతి నేను చెప్తాను. మా నాన్న శాంతి దళంతో శ్రీలంక వెళ్ళారు, సిగ్నల్స్‌లో. జులై 29న భారత్-శ్రీలంక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మొదట్లో వెళ్ళినవాళ్ళకు జాఫ్నా జనం దండలు వేశారట, పిల్లలు ట్రక్కుల వెంట పరిగెత్తేవారట. అక్టోబరు కల్లా అదే రోడ్డు మీద ఎల్‌టీటీఈ (తమిళ పులులు) మందుపాతరలు. ఎవరిని కాపాడటానికి వెళ్ళారో ఆ ఊళ్ళల్లోనే ఇల్లిల్లూ సోదా చేయాల్సి వచ్చింది.

మా నాన్న దగ్గర చిన్న జేబు పుస్తకం ఒకటి ఉండేది, అరచేతిలో పట్టేంత. అందులో తమిళ మాటలు తెలుగు లిపిలో రాసుకున్నారు, పక్కన అర్థం. మొదటి పేజీల్లో 'తణ్ణి', 'అరిసి', 'బయప్పడాదీంగ'. నీళ్ళు, బియ్యం, భయపడకండి. నాలుగైదు పేజీలయ్యాక 'నిల్లు', 'కైయై తూక్కు'. ఆగు, చేతులెత్తు. సిరా అదే, దస్తూరీ మాత్రం మారిపోయింది, తొందరతొందరగా గీకినట్టు ఉంటుంది.

దాదాపు 1,200 మంది జవాన్లు చనిపోయారు. చివరి దళాలు 1990 మార్చిలో ఓడల్లో మద్రాసు చేరితే స్వాగతానికి ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. తమిళుల్ని చంపి వచ్చిన సైన్యానికి స్వాగతం ఎలా చెప్తాం అన్నది అటువైపు కోపం. మా నాన్న దాన్ని ఒక్కసారి కూడా తప్పు పట్టలేదు. "వాళ్ళ వైపు నుంచి చూస్తే అంతే కదరా" అనేవారు. నాకైతే కోపంగానే ఉంది.

రాత్రిబడి (ఉదయం 8:02)

పెన్సిల్ అన్నా, మీ నాన్నగారి దృష్టిలో అసలు వెళ్ళకుండా ఉండాల్సిందా?

పెన్సిల్ (ఉదయం 8:20)

ఆయన మాట ఇంకోలా ఉండేది. వెళ్ళినప్పుడు పని ఏమిటో చెప్పారట. పులులు ఆయుధాలు అప్పగిస్తారు, మీరు కాపలా ఉండండి, ఎన్నికలయ్యాక వచ్చేయండి. అప్పగించకపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఆ ప్రశ్న ఢిల్లీలో ఎవరికీ తట్టలేదా, తట్టినా పైకి అనలేదా అని ఆయన చివరిదాకా అనుకుంటూనే ఉన్నారు.

తూనికరాయి (ఉదయం 9:44)

మీరంతా సైన్యం వెళ్ళాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోయారు. అంతకంటే ముందు చేయాల్సినవి చేశారా అని ఎవరూ అడగరేం? సూడాన్‌లో చంపేవాళ్ళ చేతికి డ్రోన్లు, గుండ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? యుఏఈ నుంచి చాద్ మీదుగా ఆర్‌ఎస్‌ఎఫ్‌కు ఆయుధాలు చేరుతున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐరాస నిపుణుల బృందమే 2024లో చెప్పింది. యుఏఈ కాదంటోంది. ఆ కుళాయి కట్టేయడానికి ఒక్క సైనికుణ్ణి కూడా పంపక్కర్లేదు. దాన్ని వదిలేసి, విమానాలు పంపాలా వద్దా అని నైతిక చర్చలు పెట్టడం నాకు వింతగా ఉంటుంది.

శరణార్థుల సంగతీ అంతే. రువాండా నుంచైనా, సిరియా నుంచైనా పారిపోయి వచ్చినవాణ్ణి గేటు దగ్గర ఆపేసి, వాడి దేశం మీద బాంబులు వేసి కాపాడతాం అంటే ఎవరు నమ్ముతారు?

ఇంకోటి, మంచి మనసుతో వెళ్ళినా హాని జరుగుతుంది. 2010లో హైతీ భూకంపం తర్వాత అక్కడి ఐరాస శిబిరం నుంచి మురుగు నదిలో కలిసి కలరా పుట్టింది. సుమారు పదివేల మంది పోయారు. తమ పాత్ర ఉందని ఐరాస ఒప్పుకోవడానికి 2016 దాకా పట్టింది.

లెక్కలమాస్టారు (ఉదయం 10:10)

తూనికరాయి గారితో ఏకీభవిస్తాను, సగం వరకు. ఆయుధాలు ఆపడం నెలల పని. రువాండాలో 1994 ఏప్రిల్ 7 ఉదయం కత్తులు లేచాక ఆంక్షలు ఏం చేస్తాయి? కత్తి దిగుమతి ఆపాలంటే అంతకు ముందే ఆపాలి. అక్కడి ఐరాస కమాండర్ డలేర్ జనవరి 11నే పై ఆఫీసుకు కబురు పంపాడు, ఆయుధాలు దాస్తున్నారు, పట్టుకుంటాను అని. వద్దన్నారు. ఆ రోజు నాలుగు ఇళ్ళు సోదా చేయడానికి భయపడి, తర్వాత లక్షల శవాలకు సంతాపం చెప్పారు.

మోడరేటర్ (ఉదయం 10:30)

గంటస్తంభం గారి రెండు పోస్టులు తీసేశాం. మతాల మీదికి మళ్ళించొద్దు.

వకీలు_2 (ఉదయం 11:18)

లిబియా గురించి ఒక మాట, ఎందుకంటే అందరూ అక్కడ 'బాంబులు వేయడం' తప్పు అనుకుంటారు. నా దృష్టిలో తప్పు వేరే చోట ఉంది. 2011 మార్చి 17న భద్రతా మండలి 1973వ తీర్మానం అనుమతించింది పౌరుల రక్షణను. పది ఓట్లు అనుకూలం, భారత్, చైనా, రష్యా, బ్రెజిల్, జర్మనీ ఓటింగుకు దూరం. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. అంటే తలుపు తెరిచారు. లోపలికి పోయినవాళ్ళు బెంఘాజీని కాపాడి ఆగలేదు, అక్టోబరు 20న గడాఫీ చచ్చేదాకా తిరుగుబాటుదారులకు ఆకాశం నుంచి తోడున్నారు. ఆ తర్వాత సెలవు పుచ్చుకున్నారు. పోలీసులెవరు, జీతాలెవరిస్తారు, ఆయుధాగారాల తాళాలు ఎవరి దగ్గర, ఏదీ పట్టలేదు. ఆ ఆయుధాలే ఎడారి దాటి మాలీ దాకా పోయాయి.

దాని మూల్యం లిబియా ఒక్కటే కట్టలేదు. సిరియా మీద తీర్మానం వచ్చినప్పుడు చాలాసార్లు రష్యా, చైనా లిబియాను చూపించి వీటో చేశాయి. వాటికి వేరే స్వార్థాలు లేవని కాదు. కానీ సాకు చేతికిచ్చింది ఎవరు? అరువు తెచ్చిన బండిని చెప్పిన ఊరికి కాక ఇంకో ఊరికి తోలితే మళ్ళీ ఎవడిస్తాడు.

అడ్డప్రశ్న (ఉదయం 11:40)

ఇదే కదా నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది.

నీలిటోపీ (మధ్యాహ్నం 2:05)

నిన్న రాస్తానన్నాను. యూనిట్ పేరు, ఊరి పేరు, ఏడు చెప్పను, అడగొద్దు.

అక్కడ ప్రతి జవాను జేబులో ఒక కార్డు ఉంటుంది. ఎప్పుడు కాల్చొచ్చు, ఎప్పుడు కాల్చకూడదు అన్నది. ముందు గట్టిగా హెచ్చరించు, తర్వాత గాల్లోకి, తర్వాతే అవతలివాడి మీదికి. చెమటకు తడిసి నా కార్డు మడతల దగ్గర చిరిగిపోతే టేపు వేసుకున్నాను. 'ప్రాణాలకు తక్షణ ముప్పు ఉన్న పౌరుల్ని రక్షించవచ్చు' అని అందులోనే ఉంది. దాని పక్కనే 'మీ శక్తి మేరకు' అని కూడా ఉంది. ఆ చివరి మాటలోంచి ఎంత పెద్ద లారీ అయినా దూరిపోతుంది.

మేం ఒక కంపెనీ. మా కింద ఉన్న ప్రాంతంలో ఈ చివర నుంచి ఆ చివరకు బండిలో ఒక రోజు. వాన పడితే రెండు రోజులు. సాయంత్రం నాలుగింటి నుంచి జనం రావడం మొదలయ్యేది. చాపలు, గిన్నెలు, మేకలు, నెత్తిన పరుపులు. మా కంచె బయట, ముళ్ళతీగకు వీపు ఆనించి పడుకునేవాళ్ళు. లోపలికి రానిచ్చే అనుమతి మాకు లేదు. వాళ్ళు అడిగేవాళ్ళు కూడా కాదు. కంచెకు ఆనుకుంటే చాలు, తెల్లటి బండ్లు కనబడుతుంటే చంపేవాళ్ళు రారని నమ్మకం. తెల్లారి లేచి పొలాలకు పోయేవాళ్ళు.

ఆ నమ్మకం చూస్తే నాకు వణుకు వచ్చేది. ఎందుకంటే మా బలం ఎంతో మాకు తెలుసు. 2008 నవంబరులో కివాంజా అనే ఊళ్ళో 150 మందిని చంపినప్పుడు ఐరాస శిబిరం అక్కడికి మైలు దూరం కూడా లేదు. మేం వెళ్ళకముందే ఈ సంగతి మాకు క్లాసులో చెప్పారు.

అందుకని, వెళ్ళాలా వద్దా అనే ప్రశ్న నా దగ్గర కొంచెం మారుతుంది. అస్సలు వెళ్ళకపోతే జనం ఎవరినీ నమ్మకుండా అడవిలోకి పారిపోతారు. కొందరు బతుకుతారు. సగం మనసుతో వెళ్తే జనం మన చుట్టూ పోగవుతారు. మనం లేచిపోయిన రోజున చంపేవాడికి వెతుక్కునే పని కూడా ఉండదు.

రువాండా రాజధాని కిగాలీలో ఒక సాంకేతిక పాఠశాలలో బెల్జియం సైనికులు ఉన్నారని రెండు వేల మంది దాకా వచ్చి చేరారు. 1994 ఏప్రిల్ 11న విదేశీయుల్ని తీసుకుపోయాక సైనికులూ బండ్లెక్కారు. మమ్మల్ని కత్తులకు వదలొద్దు, మీరే కాల్చేసి పోండి అని బతిమాలినవాళ్ళున్నారు. బండ్లు గేటు దాటిన కాసేపటికే హంతకులు లోపలికొచ్చారు. బోస్నియాలోని స్రెబ్రెనిచాను 1993లో ఐరాసే 'సురక్షిత ప్రాంతం' అని ప్రకటించింది. రక్షణకు కొన్ని వందల మంది డచ్ సైనికులు. 1995 జులైలో అక్కడి నుంచి తీసుకుపోయి చంపిన మగవాళ్ళు, అబ్బాయిలు సుమారు 8,000. ఆ పేరు పెట్టకపోయి ఉంటే ఎంతమంది ముందే కొండలు దాటిపోయేవాళ్ళో.

రాత్రిబడి (మధ్యాహ్నం 2:40)

చదివి కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను.

కానీ అన్నా, దీన్ని తీసుకుని "అయితే వెళ్ళకండి" అనేవాళ్ళే ఎక్కువ ఉంటారు కదా. రువాండాలో బెల్జియం వాళ్ళు పోవడానికి వాళ్ళ పదిమంది సైనికుల్ని చంపడమే కారణం. అంతకు ఆరు నెలల ముందు సోమాలియాలోని మొగదిషులో 18 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు, అమెరికా ఆఫ్రికా వైపు చూడ్డమే మానుకుంది. ఎన్ని శవపేటికల వరకు ఓర్చుకుంటామో ముందే మనసులో ఉంటుంది, పైకి చెప్పరు. చంపేవాళ్ళకు మాత్రం ఆ సంఖ్య బాగా తెలుసు.

లెక్కలమాస్టారు (మధ్యాహ్నం 3:12)

కొసావోలో అదే సమస్యకు ఇంకో పరిష్కారం కనిపెట్టారు. 15,000 అడుగుల ఎత్తు నుంచి బాంబులు వేయడం. పోరులో నాటో సైనికుడు ఒక్కడూ చావలేదు. కింద సుమారు 500 మంది పౌరులు చనిపోయారు. కాపాడే వాడి ప్రాణం రిస్కులో పెట్టకుండా ఉండటానికి కాపాడబడే వాడి ప్రాణం రిస్కులో పెట్టడం... దీన్ని ఏమనాలో నాకు మాట దొరకడం లేదు.

అయినా సియెరా లియోన్ గుర్తు చేస్తాను, నిరాశ మరీ ఎక్కువైపోతోంది కాబట్టి. 2000 మేలో అక్కడ ఐరాస దళమే కూలిపోయే స్థితి, వందల మంది శాంతి సైనికులు తిరుగుబాటుదారుల చేతిలో బందీలు. బ్రిటన్ చిన్న సేనను దించి రాజధానిని, విమానాశ్రయాన్ని పట్టుకుంది. కైలాహున్‌లో 222 మంది భారత సైనికులు రెండు నెలలకు పైగా చుట్టుముట్టుబడి ఉంటే జులైలో ఆపరేషన్ ఖుక్రీతో దారి చేసుకుని బయటికొచ్చారు. ఆ తర్వాత ఐరాస దళాన్ని కుదించలేదు, పెంచారు. 2002 జనవరిలో యుద్ధం ముగిసిందని ప్రకటించారు. రువాండాలో చేసిన దానికి సరిగ్గా తలకిందులు.

అడ్డప్రశ్న (మధ్యాహ్నం 3:50)

సరే, ఒకటి ఒప్పుకుంటాను. 'ఎప్పుడూ వెళ్ళకూడదు' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు ఇది. వెళ్ళేవాడు ఎన్నాళ్ళుంటాడో, ఏం పోగొట్టుకోవడానికి సిద్ధమో తన పార్లమెంటులో ముందు చెప్పాలి. చెప్పలేకపోతే వెళ్ళొద్దు, ఆయుధాలు ఆపమనండి, గేట్లు తెరవమనండి. 2013 ఆగస్టులో సిరియా మీద సైనిక చర్యకు బ్రిటన్ ప్రధాని అనుమతి అడిగితే వాళ్ళ సభ 285-272తో వద్దంది. ఆ నిర్ణయం తప్పో ఒప్పో నాకు తెలీదు, అడిగారు కదా, అది నచ్చింది.

తూనికరాయి (మధ్యాహ్నం 4:02)

చెప్పినంత మాత్రాన ఉంటారా? అఫ్గానిస్తాన్‌లో ఇరవై ఏళ్ళున్నారు. 2021 ఆగస్టులో కాబూల్ రన్‌వే మీద విమానం వెంట పరిగెత్తినవాళ్ళు కూడా కంచెకు ఆనుకుని పడుకున్నవాళ్ళే.

పెన్సిల్ (సాయంత్రం 5:30)

నీలిటోపీ గారూ, ఒక్కటే అడుగుతాను, చెప్పకపోయినా పర్లేదు. ఆ కంచె బయట జనం... గేటు ఎప్పుడైనా తీశారా?

నీలిటోపీ (రాత్రి 10:15)

తీశాం. ఒక రాత్రి కొండ అవతల కాల్పులు దగ్గరికొచ్చాయి. మా మేజర్ రేడియోలో పై వాళ్ళను అడిగాడు. రాతపూర్వకంగా పంపండి, పరిశీలిస్తాం అన్నారు. ఆయన రేడియో పెట్టేసి, గార్డు దగ్గరికి నడిచి వెళ్ళి తాళంచెవి తీసుకున్నాడు. తెల్లారేసరికి వంటశాల వెనక, వాలీబాల్ కోర్టులో, బండ్ల కింద, ఎక్కడ చూసినా పిల్లలే. అనుమతి పత్రం ఇరవై రెండు రోజులకు వచ్చింది.

పెన్సిల్ (రాత్రి 10:19)

తర్వాత వాళ్ళు?

నీలిటోపీ (రాత్రి 10:34)

కాల్పులు సద్దుమణిగాక చాలామంది ఇళ్ళకు పోయారు. మిగిలినవాళ్ళు మేం ఉన్నన్నాళ్ళూ ఉన్నారు. మా టర్మ్ అయిపోయి, కొత్త యూనిట్‌కు సామాను లెక్క అప్పగించాం. బండ్లు ఎన్ని, టెంట్లు ఎన్ని, జనరేటర్లు ఎన్ని. ఆ లిస్టులో వాళ్ళను రాయడానికి కాలమ్ లేదు. పక్కన మార్జిన్‌లో పెన్నుతో రాసి సంతకం చేశాను.